స్వర్ణపర్ణి: ప్రొఫెసర్ శంకు కథావళిలో కడపటి నవలిక

ఒకే నాయకుని చుట్టును అల్లుకొని ఏండ్ల తరబడి సాగు కథావళికి ఒక సౌలభ్యమును ఒక లోపమును సహజముగా ఉండును. పాఠకుడు పుస్తకము తెరచునప్పటికే నాయకుని ఇల్లు, సేవకుడు, మిత్రులు, మాటతీరు అన్నియు ఎరిగియుండును. కావున రచయిత పరిచయములతో కాలము గడపక నేరుగా కథలోనికి దిగవచ్చును. ఇది సౌలభ్యము. నాయకుడు ఎట్టి ఆపదలో చిక్కినను క్షేమముగా ఇల్లు చేరుననియు, నిన్నటి గాయపు మచ్చ రేపటి కథలో కానరాదనియు పాఠకునికి ముందే తెలియును. ఇది లోపము. అందుచేత ఇట్టి కథలలో కుతూహలమునకు కొదవ ఉండదు గాని, మనస్సును కలతపెట్టు ప్రశ్నకు చోటు తక్కువ.

అయినను అరుదుగా, కథావళిలోని ఒక పుస్తకమే వెనుదిరిగి తనకు ముందు వచ్చిన కథలనెల్ల ప్రశ్నించును. వంగభాషలో సత్యజిత్ రాయ్ 1990లో ప్రకటించిన 'స్వర్ణపర్ణి' అను నవలిక అట్టిది. రాయ్ పేరు మన పాఠకులకు చలనచిత్ర దర్శకుడుగా సుపరిచితము. ఆయన ముప్పది యేండ్లపాటు బాలురకొరకు వైజ్ఞానిక కల్పనలను వ్రాసిన కథకుడని ఎరిగినవారు అంతమంది లేరు. ఆ కథల నాయకుడైన ప్రొఫెసర్ త్రిలోకేశ్వర శంకు వంగదేశములో ఇంటింటికిని చుట్టమువంటివాడు. 'స్వర్ణపర్ణి' అతని కథలలో రాయ్ పూర్తిచేసిన వానియందు చివరిది. కాని అది చెప్పునది శంకు జీవితములోని తొలి ఘట్టము. ఈ తలక్రిందుల అమరికలోనే దాని ప్రాముఖ్యము ఇమిడియున్నది.

వంగభాషలో వైజ్ఞానిక కల్పన నిన్న మొన్న పుట్టినది కాదు. మహాశాస్త్రజ్ఞుడైన జగదీశచంద్ర బోసు 1896లోనే ఒక కథ వ్రాసెను. అందు ఒక సీసాడు తలనూనె సముద్రముపై పోయగా పెనుతుఫాను శాంతించును. 'కుంతలీన్' అను తలనూనె వ్యాపారి నడపిన కథలపోటీలో దానికి బహుమతి లభించెను. ఆ కథనే ఆయన తరువాత దిద్దితీర్చి 1921 నాటి 'అవ్యక్త' అను తన సంపుటమున చేర్చెను. శాస్త్రమును ఎరిగినవాడే శాస్త్రముతో పరిహాసమాడుట ఆనాడే ఆరంభమైనది. పిమ్మట హేమేంద్రకుమార్ రాయ్ విమల్, కుమార్ అను ఇరువురు సాహసికుల కథలను వరుసగా వ్రాయుచు, 'మేఘదూతేర్ మర్త్యే ఆగమన్' అను నవలలో వారిని అంగారక గ్రహవాసులతో తలపడజేసెను. 1945 మొదలుకొని ప్రేమేంద్ర మిత్ర సృష్టించిన ఘనాదా కలకత్తాలోని ఒక మెస్సులో కూర్చుండి, భూగోళమంతయు తాను చుట్టివచ్చినట్లు కోతలు కోయుచుండును; కాని ఆ కోతల నడుమ దొరలు శాస్త్రవిషయములు పలుమారు సత్యములే. హాస్యము, సాహసము అను ఈ రెండు పాయలును రాయ్ చేతిలో కలిసినవి.

ఆయనకు ఇది ఇంటి విద్యయే. పితామహుడు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1913లో 'సందేశ్' అను బాలల పత్రికను స్థాపించెను. కుంతలీన్ నూనె తయారుచేసిన హేమేంద్రమోహన్ బోసు ఆయన సోదరిని వివాహమాడినవాడే. తండ్రి సుకుమార్ రాయ్, కానన్ డాయిల్ రచించిన ప్రొఫెసర్ ఛాలెంజరు సాహసములను పరిహసించుచు, హేశోరామ్ హుశియార్ అను వేటగాని దినచర్యను కల్పించెను. సత్యజిత్ రాయ్ 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి 'సందేశ్' పత్రికను పునరుద్ధరించి, ఆ యేడే అందు 'వ్యోమయాత్రీర్ డైరీ' అను కథను ప్రకటించిరి. ప్రొఫెసర్ శంకు జన్మించినది ఆ కథలోనే.

ఆ తొలి కథ ఇంచుమించు పరిహాసమే. సుందరవనములలో ఉల్కపాతమువలన ఏర్పడిన గోతిలో ఒక దినచర్య పుస్తకము దొరకును. దాని సిరా క్షణక్షణము రంగు మారును. కాగితము చినుగదు, కాలదు. అందు శంకు తన సేవకుడు ప్రహ్లాదునితోను, న్యూటన్ అను పిల్లితోను, విధుశేఖరుడను యంత్రపురుషునితోను కూడి అంగారక గ్రహమునకు పోయిన వృత్తాంతముండును. నిప్పునకు లొంగని ఆ పుస్తకమును కడపట చీమలు తినివేయును. రాయ్ అక్కడితో ఆపియుండినచో, సుకుమార్ రాయ్ కుమారుడు తండ్రికి అర్పించిన చక్కని కానుకగా అది నిలిచిపోయెడిది. కాని పాఠకులు శంకును విడువలేదు. రాయ్ కూడ విడువలేకపోయిరి. 1965లో 'ప్రొఫెసర్ శంకు' అను తొలి సంపుటము వెలువడెను. ఆయన మరణించునాటికి పూర్తియైన శంకు కథలు ముప్పదియెనిమిది, అసంపూర్ణములు రెండు.

కథలు పెరిగినకొలది శంకు స్వభావము మారెను. వెర్రి శాస్త్రజ్ఞుని పోలికలు క్రమముగా తొలగి, గిరిడీ పట్టణములో ఉశ్రీ నది చెంత ఒంటరిగా నివసించు గంభీరుడు, మితభాషి, బహుభాషావేత్తయగు ఒక పెద్దమనిషి నిలిచెను. అతనికి ఇంగ్లండులో సాండర్స్, జర్మనీలో క్రోల్ మిత్రులు. శత్రువును పొగలేకుండ, బూడిదలేకుండ మాయముచేయు ఆయుధము, తెలియని భాషలను తెలుపు యంత్రము, మర్రిపండ్లనుండి తీసిన ఆకలిమాత్ర, సర్వరోగములను పోగొట్టు 'మిరాక్యురల్' అను గుళిక మున్నగునవి అతని ఆవిష్కారములు. వీటిలో ఏదియు కార్ఖానాలో తయారుకాదు. ఒక కథలో ఒక అమెరికను కోటీశ్వరుడు వీటిపై హక్కులను కొనగోరి శంకును ఆశ్రయించును, శంకు అమ్మడు. ఈ నిరాకరణ కథావళి అంతటను మెల్లగా వినవచ్చు శ్రుతివంటిది. విద్య అమ్మకపు సరకు కాదను నమ్మకము దానికి మూలము. కాని ఆ నమ్మకము ఎక్కడినుండి వచ్చెనో, దానికి ఎట్టి పరీక్ష ఎదురయ్యెనో అంతవరకును రాయ్ చెప్పలేదు. 'స్వర్ణపర్ణి' ఆ రెంటిని చెప్పినది.

కథాసంగ్రహమిది. తన పుట్టినరోజున, ఒడిలో న్యూటన్ నిద్రించుచుండగా, వృద్ధుడైన శంకు గతమును తలపోసి మిరాక్యురల్ పుట్టుకను దినచర్యలో వ్రాయుటకు పూనుకొనును. అతని తండ్రి త్రిపురేశ్వర శంకు గిరిడీలో పేరుమోసిన ఆయుర్వేద వైద్యుడు; బీదలకు ధనము పుచ్చుకొనక వైద్యము చేసినవాడు. ఎందరి ప్రాణములనో నిలిపిన ఆ చేతికి తన గుండెజబ్బు లొంగలేదు. ఏబదియేండ్లకే ఆయన మరణించెను. తండ్రియొద్దకు వచ్చిన టిక్డీబాబా అను సాధువు చెప్పిన ఒక ఓషధి శంకు మనస్సులో నాటుకొనును. దాని పేరు సోనేపత్తీ. చరకసంహితలో స్వర్ణపర్ణి అను పేరుతో అది ప్రస్తావింపబడినదని కథలోని మాట. హిమాలయ పాదములందలి కసౌలీకి పోయి, అడవిలో ఆ మొక్కను సంపాదించి, గిరిడీ తోటలో నాటి, దాని ఆకులతో శంకు గుళికలు చేయును. మృత్యుముఖమునందున్న రోగులు లేచి కూర్చుందురు. అంతవరకు ఉత్తరములద్వారా మాత్రమే పరిచితుడైన ఆంగ్లశాస్త్రజ్ఞుడు జెరెమీ సాండర్స్ కాలేయమున కాన్సరు సోకి మరణించనున్నాడని తెలిసి, శంకు గుళికలను తపాలాలో పంపును. సాండర్స్ బ్రతుకును, ఆ కృతజ్ఞతతో గిరిడీకి వచ్చి శంకును లండనుకు తీసికొనిపోవును.

అచ్చట కథ మలుపు తిరుగును. బెర్లినునుండి నార్బర్ట్ స్టైనర్ అను యువకుడు వచ్చి తన తండ్రిని రక్షింపుమని వేడుకొనును. ఆ తండ్రి సంస్కృతపండితుడు, భారతవిద్యావేత్త, యూదుడు. నాజీలు ఆయనను కొట్టి చావుబ్రతుకులమధ్య విడిచిరి. శంకు బెర్లినుకు పోయి ఆయనను బ్రతికించును. అంతలో ఈ మందు సంగతి హిట్లరు అనుచరులలో అగ్రగణ్యుడగు హెర్మన్ గోరింగ్ చెవిని పడును. శంకును కారిన్‌హాల్ భవనమునకు తీసికొనిపోవుదురు. స్థూలకాయముతో బాధపడు గోరింగునకు ఆ గుళికలు కావలెను; అతనిక్రింది ఒక యువాధికారికి మూర్ఛరోగము కుదురవలెను. స్టైనర్ కుటుంబమును జర్మనీ దాటిపోనిచ్చినచో మందు ఇత్తునని శంకు షరతు పెట్టును. బేరము కుదురును. స్టైనరులు తప్పించుకొందురు. శంకు మాత్రము క్రుంగిపోవును. తన మందు ఎందరిని హింసించిన చేతులకు బలము చేకూర్చినదే అని అతని వేదన. కడపట సాండర్స్ రహస్యము విప్పును. నాజీలకు చేరినవి మిరాక్యురల్ గుళికలు కావు. ఇట్టిదేదో జరుగునని ఊహించి సాండర్స్ ముందే సీసాలో నిద్రమాత్రలు నింపియుంచెను. శంకు మనస్సు తేలికపడును.

ఇంత చిన్న కథలో రాయ్ మూడు పనులు చేసిరి. మొదటిది, విద్యకు వంశమును చూపుట. శంకు ఆవిష్కారములలో ఎల్ల మిక్కిలి ప్రసిద్ధమైనది నిజమునకు ఆవిష్కారమే కాదు. తండ్రి వైద్యుడు, సాధువు దారిచూపినవాడు, గ్రంథము ప్రాచీనము, మొక్క అడవిది. శంకు చేసినదెల్ల వెదకి తెచ్చి, పెంచి, కొలతకు తెచ్చుట. మిరాక్యురల్ తనకు తెచ్చిన కీర్తిలో తన పాలు ఎంత స్వల్పమో వృద్ధాప్యమున ఒప్పుకొనుటకే ఈ దినచర్య పుట్టినట్లున్నది. తండ్రి కుమారునికి బోధించిన ధర్మము కూడ అట్టిదే. శక్తి ఉన్నంతమాత్రమున విస్తారముగా ఆర్జింపవలెనని లేదు. సుఖముగా బ్రతుకుటకు చాలినంత ఆర్జించి, ఏమియు లేనివారికి తోడుపడుటలోనే తృప్తి కలదు. ఇది చరకుని మాటకు దూరము కాదు. వైద్యమును అంగడిసరకువలె అమ్మువాడు బంగారురాశిని విడిచి ధూళిరాశిని పట్టుకొన్నవాడని రసాయనాధ్యాయమున చరకుడు చెప్పియున్నాడు. బంగారు ఆకుల పేరు పెట్టుకొన్న ఈ కథలో ఆ పోలిక గుర్తునకు రాక తప్పదు.

లండనులో జరిగిన రసాయనపరీక్షను కూడ ఈ సందర్భముననే చెప్పవలెను. గుళికలోని పదార్థములలో ఒకటి ఏమిటో తెలియరాదు. కావున దానిని కృత్రిమముగా తయారుచేయుట సాధ్యము కాదని తేలును. సామాన్య రచయిత చేతిలో ఇది కథ నడపుకొనుటకు పనికివచ్చు ఉపాయము మాత్రమే అయియుండును. సర్వరోగనివారిణి లోకమునకంతకును దొరకినచో తరువాతి కథలలో రోగులే ఉండరు గదా! కాని రాయ్ దీనిని శంకు శీలముతో ముడివేసిరి. మందు కొద్దిగానే ఉన్నప్పుడు దానిని ఎవరికి ఇయ్యవలెనను ప్రశ్న పుట్టును. కోట్లకొలది మాత్రలు కార్ఖానాలో తయారగుచున్నచో గోరింగునకు శంకు అక్కర లేదు. శంకునకు ధర్మసంకటమును లేదు. కొరతయే ఇచ్చట నీతికి క్షేత్రమైనది.

రెండవది, కాలమును కథలోనికి రప్పించుట. శంకు దినచర్యలలో సాధారణముగా తేదియు నెలయు ఉండునేగాని సంవత్సరముండదు. అందుచేతనే అతనికి వయస్సు పైబడదు. అతని ప్రపంచములో ఎల్లప్పుడును ఏదో ఒక మధురమైన వర్తమానము నడచుచుండును. 'స్వర్ణపర్ణి' ఆ గోడను కూల్చినది. గోరింగ్ కల్పితపాత్ర కాడు. హిట్లరు 1933లో అధికారమునకు వచ్చెను. 1935 నాటి న్యూరెంబర్గు శాసనములు యూదులకు పౌరసత్వమును లేకుండ చేసినవి. 1946లో న్యూరెంబర్గుననే గోరింగునకు మరణదండన విధింపబడెను. నరభోజులైన చెట్లను, మాటలాడు యంత్రములను చూచి చూచి అలవాటుపడిన బాలపాఠకుడు ఈ కథలో తొలిసారి నిజముగా జీవించిన రాక్షసుని ఎదుట నిలుచును. ఈ భయము పుస్తకము మూసినతోడనే తొలగునది కాదు.

యూదుపండితుని సంస్కృతవేత్తగా చేయుటలో రాయ్ నేర్పు విశేషముగా గమనింపదగినది. ఆర్యశబ్దమును తమ సొత్తుగా చాటుకొని, స్వస్తికమును జెండాపై ధరించినవారే, ఆ శబ్దము పుట్టిన భాషను ఆజన్మము సేవించిన వృద్ధుని వీధిరౌడీలవలె కొట్టిరి. ఇది కవికల్పన మాత్రమే కాదు. హాలె విశ్వవిద్యాలయములో భారతీయదర్శనములను బోధించిన బెట్టీ హైమన్ అను విదుషి యూదురాలైనందున 1933లో ఉద్యోగము కోల్పోయి ఇంగ్లండులో తలదాచుకొనవలసివచ్చెను. అట్టివారి విధిని బాలుర కథలో నాలుగు పుటలలో రాయ్ నిలిపిరి. ఉపన్యాసము లేదు, వ్యాఖ్యానము లేదు. ఆ కొట్టబడినవాడు ఎవరో చెప్పి ఊరకుండిరి. మిగిలినది పాఠకుడు తెలిసికొనును.

మూడవది అన్నింటికన్న కఠినమైనది. వైద్యుడు దుర్మార్గునికి మందు ఇయ్యవచ్చునా? శంకు తండ్రియొద్ద నేర్చిన ధర్మము ప్రకారము రోగి ఎవడైనను రోగియే. అతని బేరములో స్వార్థములేదు. ఒక కుటుంబము ప్రాణములు అందున్నవి. అయినను నాజీల చేతిలో గుళికలు పెట్టిన పిమ్మట అతనికి శాంతిలేదు. ఇచ్చటనే ఈ కథను, అది పేర్కొన్న చరకసంహితను ఎదురెదురుగా పెట్టి చూచుట మేలు.

చరకుని విమానస్థానములో ఎనిమిదవ అధ్యాయమున గురువు శిష్యునకు చేయు అనుశాసనమున్నది. రాత్రింబవళ్ళు రోగుల ఆరోగ్యముకొరకు పాటుపడవలెను. తన ప్రాణమునకే ముప్పు వచ్చినను రోగికి ద్రోహము తలపెట్టరాదు. సకలప్రాణుల మేలు కోరవలెను. ఇదంతయు శంకు తండ్రి మాటవలెనే ఉన్నది. కాని అదే అనుశాసనమున వెంటనే మరియొక నియమము కలదు. రాజు ద్వేషించువారికిని, రాజును ద్వేషించువారికిని, మహాజనులు ద్వేషించువారికిని, మహాజనులను ద్వేషించువారికిని ఔషధమీయరాదు. కరుణకు హద్దు గీచిన వాక్యమిది.

ఈ నియమమును కథకు అన్వయించినచో విచిత్రమైన ఫలితము కలుగును. గోరింగ్ మహాజనద్వేషి యనుటకు సందేహములేదు. కావున మందు మార్చిన సాండర్స్, చరకుని పేరైనను ఎరుగకయే, చరకుని ఆజ్ఞను పాటించినాడనవచ్చును. కాని ఆ రాజ్యములో స్టైనర్ ఎవరు? రాజు ద్వేషించిన మనుష్యుడే. నియమమును అక్షరశః పట్టుకొన్నచో ఆయనకు కూడ వైద్యము నిషిద్ధమగును. దండధరుడు ధర్మపరుడై ఉన్నంతవరకే ఆ శాస్త్రవాక్యమునకు అర్థముండును. రాజే రాక్షసుడైననాడు, రాజద్వేషమే ఒకానొకని నిర్దోషిత్వమునకు గురుతగును. శంకు లండను విడిచి బెర్లినుకు పయనమగుటతోనే ఆ నియమములోని ఒక సగమును కాలదన్నినాడు. రెండవ సగమును కూడ కాదని గోరింగునకు మందు ఇచ్చుటవలన అతనికి దుఃఖము మిగిలినది. రాయ్ ఈ అధ్యాయమును మనస్సులో పెట్టుకొని వ్రాసిరని నేననుట లేదు. తాను ఆశ్రయించిన ప్రాచీనవిద్యలో నిద్రించుచున్న చిక్కుముడినే ఆయన కథ మేల్కొలిపినదని మాత్రము అనవచ్చును. సనాతనమైన విద్యను ఆధునికచరిత్ర ముంగిట నిలిపి, దానిని ఊరక పొగడక పరీక్షించుట ఈ నవలికయందలి ధైర్యము.

ఇంతవరకు వచ్చిన రచయిత ముగింపులో వెనుకంజ వేసిరనక తప్పదు. గుళికలు మార్చినది శంకు కాడు, సాండర్స్. వంచన ఆంగ్లమిత్రునిది, శంకు చేయి శుద్ధముగానే మిగిలినది. అతడు మందు ఇచ్చిన పాపమును పొందలేదు. ఈయకుండిన పాపమును పొందలేదు. రెండు చేతులను కడిగి రచయిత అతనిని ఇంటికి పంపిరి. శంకు తెలిసియే మందు మార్చియుండినచో వైద్యధర్మమును భంగపరచిన బరువును జీవితాంతము మోయవలసివచ్చెడిది. మార్చక నిజమైన మందే ఇచ్చియుండినచో ఆ యధికారుల ఆరోగ్యములో తన పాలును మోయవలసివచ్చెడిది. ఏ మార్గము పట్టినను అతడు మరి వెనుకటి శంకు కాజాలడు. కథావళి నాయకునికి మచ్చ ఉండరాదను పాత నియమమే ఇచ్చట గెలిచినది. చరిత్ర తలుపు తట్టినది. లోపలికి వచ్చి కూర్చుండనీయలేదు.

దీనికి సమాధానము లేకపోలేదు. ఇది 'ఆనందమేళా' అను బాలల పత్రిక పూజాసంచికకు వ్రాసిన కథ. పదిపన్నెండేండ్ల బాలుని చేతిలో, విప్పరాని ముడిని పెట్టి విడుచుట న్యాయమా యని రాయ్ తలచియుండవచ్చును. ఆయన కథలలో లోకమెంత వింతయైనను, మంచితనము చిట్టచివరకు మోసపోదు. అది బాలపాఠకునితో ఆయన చేసికొన్న ఒడంబడిక. అదియుగాక, సాండర్స్ రహస్యము చెప్పునంతవరకు శంకు అనుభవించిన వేదన నిజమైనదే. ఆ కొద్ది పుటలలో అతడు తన విద్యనుగూర్చి తానే సిగ్గుపడును. తక్కిన కథలలో శంకునకు ఆశ్చర్యము కలిగినది, భయము కలిగినది, కోపము కలిగినది. తన మేధస్సు వలన ఇట్టి సిగ్గు కలుగుట అరుదు. ముగింపు ఆ సిగ్గును తుడిచివేయవచ్చును గాని, దానిని చదివిన జ్ఞాపకమును తుడిచివేయజాలదు. నా మట్టుకు ఈ నవలిక యొక్క శిఖరము ఆ పుటలే, రహస్యభేదనము కాదు.

ఈ జ్ఞాపకము వెనుకటి కథలపై కూడ నీడ ప్రసరింపజేయును. అంతకుముందు అనేక కథలలో మిరాక్యురల్ ఒక చమత్కారపు వస్తువు. ఎవరైనను జబ్బుపడగానే శంకు జేబులోనుండి తీసి ఇచ్చును. కథ ముందునకు సాగును. 'స్వర్ణపర్ణి' చదివిన పిమ్మట ఆ కథలను మరల తెరచినచో ఆ గుళికకు బరువు వచ్చినట్లు తోచును. దాని వెనుక చనిపోయిన తండ్రి ఉన్నాడు, కసౌలీ అడవి ఉన్నది, కారిన్‌హాల్ భవనములోని ఆ బేరమున్నది. శంకు తన ఆవిష్కారములను కోటీశ్వరులకు ఎందుకు అమ్మడో, సాండర్సును అంతగా ఎందుకు నమ్మునో ఇప్పుడు బోధపడును. కథావళిలో కడపట చేరిన పుస్తకము మొదటి పుస్తకమును మార్చుట యనగా ఇదియే. రాయ్ ఈ పనిని పాతకథలలో ఒక్క అక్షరమును దిద్దకయే సాధించిరి.

రచయిత జీవితములో ఈ నవలిక వెలసిన కాలమును కూడ గమనింపవలెను. 1989లో రాయ్ ఇబ్సెన్ నాటకము ఆధారముగా 'గణశత్రు' అను చలనచిత్రమును తీసిరి. దేవాలయతీర్థములో రోగక్రిములున్నవని చెప్పిన వైద్యుని ఊరివారు శత్రువుగా ఎంచుట దాని ఇతివృత్తము. 1991లో 'ఆగంతుక్' వచ్చినది. నాగరికుడెవడు, అనాగరికుడెవడు అని అందలి వృద్ధుడు ప్రశ్నించును. ఈ రెంటి నడుమ 1990లో వెలువడిన 'స్వర్ణపర్ణి' వాటికి తోబుట్టువే. మూటియందును ఒకే ఆందోళన కలదు: జ్ఞానము పెరిగిన లోకములో మనుష్యుడు మంచివాడు కావలెనను నియమము లేదే! గణశత్రు వైద్యునికి ఎదురు నిలిచినది మూఢవిశ్వాసము. శంకునకు ఎదురు నిలిచినది విజ్ఞానములో ఆరితేరిన ఒక రాజ్యము. రెండవదే మరింత భయంకరము. ఎందుకనగా దానిని విజ్ఞానబోధ చేసి మార్చుటకు వీలులేదు. 1992 ఏప్రిల్ 23న రాయ్ మరణించిరి. ఆయన విడిచిపోయిన రెండు అసంపూర్ణపు శంకు కథలు పిమ్మట అచ్చైనవి. కాని శంకు చరిత్రకు భరతవాక్యము 'స్వర్ణపర్ణి'యే.

వైజ్ఞానిక కల్పన యనగా రాబోవు యంత్రములనుగూర్చిన ముచ్చట యని మనలో చాలమంది తలంపు. శంకు కడపటి కథలో క్రొత్త యంత్రమొక్కటియు లేదు. ఉన్నది ఒక మొక్క. అది భవిష్యత్తునకు పోక గతమునకు పోవును. అయినను విజ్ఞానమునుగూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్నను అది అడిగినది: ఈ శక్తి ఎవరి చేతికి పోవును? ఆ ప్రశ్నకు రాయ్ ఇచ్చిన సమాధానము సీసా మార్చిన మిత్రుడు. లోకములో అందరికిని అట్టి మిత్రుడు దొరకడు; సమయమునకు సీసా మార్చువాడు లేక మందో, ఆయుధమో, విద్యయో తగనివారి చేతికే చేరిన సందర్భములు గడచిన శతాబ్దములో అనేకములు. ఈ సంగతి ఎదిగిన పాఠకునికి తెలియును. బాలపాఠకుడు ఎదిగినపుడు తెలిసికొనును. అపుడతడు ఈ చిన్న పుస్తకమును మరల తెరచి, శంకు వేదనపడిన ఆ పుటలవద్ద, మునుపటికన్న ఎక్కువసేపు ఆగును.